నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి చిన్న సినిమా తీయాలంటే: హైదరాబాదా, ఇనిస్టిట్యూటా, సొంత ఊరా?

ఇంజినీరింగో డిగ్రీనో అయిపోయి, ఒక కెమెరా కొనుక్కుని, మనసులో ఒక కథ పెట్టుకుని "అన్నా, డైరెక్టర్ కావాలనుండాది, ఏం చెయ్యమంటావు?" అని అడిగే పిల్లలు నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి ఎక్కడికి పోయినా కనిపిస్తారు. వాళ్లకు ఊరంతా చెప్పే మాట ఒకటే: "రైలెక్కి హైదరాబాద్ పో నాయనా." పెద్ద బ్యానర్‌లో పెద్ద హీరోతో పనిచేయాలనుకునే వాళ్లకు ఆ మాట సరిపోతుంది. తక్కువ డబ్బుతో, తన కథను తన యాసలో చెప్పుకుంటూ, ఏళ్ల తరబడి సినిమాలు తీస్తూ బతకాలనుకునే వాళ్లకు మాత్రం ఇంకొంచెం ఆలోచించి సలహా చెప్పాలి. ఇది వాళ్ల కోసమే రాస్తున్నాను.

ఏ దారిలో వెళ్లాలో తేల్చుకోవడానికి నేను అడగమనే ప్రశ్న ఒకటుంది. ఈ దారిలో మొదటి సినిమా తీశాక, రెండోది తీయడానికి నా దగ్గర ఓపిక, మనుషులు, డబ్బు మిగులుతాయా? మొదటి సినిమా ఎలాగోలా పూర్తవుతుంది. పొలం తాకట్టు పెట్టో, అక్క గొలుసు కుదవ పెట్టో, స్నేహితుల దగ్గర తలా కొంత తీసుకునో తీసేస్తారు. అది ఆడకపోతే అప్పు తీర్చడానికి ఉద్యోగం వెతుక్కుంటూ బెంగళూరు పోయినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో చేతకానివాళ్లు తక్కువ. సినిమా బాగా తీయగలిగి కూడా, రెండోసారి నిలబడే వీలు లేక ఆగిపోయారు. అది చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఒకరి దగ్గర సహాయకుడిగా చేరడం ఒక దారి, తెలిసినవాళ్లతో జట్టు కట్టడం ఇంకో దారి. మన జిల్లాల నుంచి ఈ రెండు దారుల్లోనూ పైకొచ్చినవాళ్లు ఉన్నారు. నెల్లూరు జిల్లావాడైన దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు, ముందుతరం దర్శకుడు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా చేరి పని నేర్చుకున్నారు. ఒంగోలు వైపు నుంచి వెళ్లిన మాదాల రంగారావు, టి. కృష్ణ, పోకూరి బాబూరావులది జట్టు దారి. నాటకాలాడిన పరిచయాలను సినిమా దాకా తీసుకెళ్లారు. రంగారావు 'యువతరం కదిలింది' 1980లో వచ్చింది. బాబూరావు నిర్మాతగా కృష్ణ తీసిన 'నేటి భారతం' 1983లో వచ్చింది. మన మనుషులతో జట్టు కట్టి తీసే ఈ రెండో దారి గురించి మన దగ్గర ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు. అందుకే దాని గురించి కింద ఎక్కువ రాస్తాను.

హైదరాబాద్ పోతే

రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో ఉంటారు. కృష్ణానగర్‌లోనో యూసుఫ్‌గూడలోనో నలుగురితో కలిసి గది తీసుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి అసిస్టెంట్‌గా చేరడం పాత పద్ధతి. ఇప్పటికీ అదే నడుస్తోంది. మొదటి సినిమాకు జీతం అని చెప్పుకోదగ్గది చాలా చోట్ల ఉండదు. షూటింగ్ రోజుల్లో రోజువారీ ఖర్చుకిచ్చే బేటా, భోజనం, అంతే. సినిమా మధ్యలో ఆగిపోతే ఆ కాలమంతా పోయినట్టే.

అక్కడ దొరికేది మాత్రం గట్టిది. స్క్రిప్టును సీన్లుగా, లొకేషన్లుగా విడగొట్టి షెడ్యూల్ వేయడం, షాట్‌కూ షాట్‌కూ బట్టలు, వస్తువులు మారకుండా కంటిన్యూటీ రాసుకోవడం, ఆర్టిస్టు ఇచ్చిన తేదీ (కాల్షీట్) పోతే రోజును ఎట్లా తిప్పుకోవాలో తెలుసుకోవడం, ఇవి పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. దొరకనిది, మీ కథ రాసుకునే సమయం. పొద్దున 5కి లేచి రాత్రి 10కి గదికి చేరినవాడు కలం పట్టలేడు.

నా సలహా ఏమిటంటే, వెళ్తే ఒక్క సినిమా పూర్తిగా చేయండి. కథా చర్చల నుంచి, పూర్తయిన సినిమా చేతికొచ్చే ఫస్ట్ కాపీ దాకా ఉండండి. పెద్ద సినిమా కంటే చిన్న సినిమాలో చేరండి. పెద్ద యూనిట్‌లో రెండేళ్లు క్లాప్ కొట్టడంతోనే సరిపోవచ్చు. చిన్న యూనిట్‌లో అయితే కాస్ట్యూమ్స్ మీరే చూస్తారు, జూనియర్ ఆర్టిస్టులతో మీరే మాట్లాడతారు, ఎడిట్ రూమ్‌లోకి కూడా రానిస్తారు. రేపు మీరు పదిమందితో సినిమా తీయబోతున్నప్పుడు పనికొచ్చేది ఆ అనుభవమే. ఆ సినిమా అయ్యాక అక్కడే ఉండాలా, తిరిగి రావాలా అన్నది అప్పుడు తేల్చుకోవచ్చు. బయల్దేరేముందు కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి. ఆడపిల్లలైతే ఏ యూనిట్‌లో చేరేముందైనా అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న ఆడవాళ్లతో విడిగా మాట్లాడండి. ఎవరూ లేని యూనిట్ అయితే వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది.

ఇనిస్టిట్యూట్‌లో చేరితే

పుణెలోని ఫిల్మ్ ఇనిస్టిట్యూట్ ఎఫ్‌టీఐఐ 1960లో, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇనిస్టిట్యూట్ 1995లో మొదలయ్యాయి. రెండూ కేంద్ర ప్రభుత్వానివే. డిగ్రీ ఉండాలి, దేశమంతటికీ కలిపి ఎంట్రన్స్ ఉంటుంది, సీట్లు చాలా తక్కువ. సీటు వస్తే రెండో ఆలోచన లేకుండా వెళ్లండి. మూడేళ్లపాటు ప్రపంచ సినిమా చూస్తారు, నాలుగు భాషల వాళ్లతో పనిచేస్తారు. ముప్పై ఏళ్లపాటు ఫోన్ చేస్తే ఎత్తే కెమెరామన్, సౌండ్ మనిషి, ఎడిటర్ అక్కడ దొరుకుతారు.

ప్రైవేటు వాటి లెక్క వేరు. హైదరాబాద్‌లో అన్నపూర్ణ కాలేజీ, చెన్నైలో ఎల్.వి. ప్రసాద్ అకాడమీ లాంటివి మంచి పేరున్నవే, కానీ ఫీజులు లక్షల్లో ఉంటాయి. అప్పు చేసి డైరెక్షన్ కోర్సులో చేరడాన్ని నేను సమర్థించలేను. అదే అప్పుతో సౌండో, ఎడిటింగో, సినిమాటోగ్రఫీయో నేర్చుకుంటానంటే సరే అంటాను. కారణం చాలా మామూలుది. ఆ మూడు పనులకూ రోజు కూలి ఉంది. ఎవరి సినిమా అయినా, ఎవరి యాడ్ అయినా పిలుస్తారు, ఈఎంఐ కట్టుకోవచ్చు. డైరెక్షన్ నేర్చుకున్నవాడికి తన సినిమా ఉన్నప్పుడే పని ఉంటుంది.

సొంత ఊళ్లో ఉండిపోతే

ఊళ్లో ఉండి సినిమా తీయడమంటే ఏమీ లేకుండా కూర్చోవడం కాదు. ముందు ఒక ఆదాయం కావాలి. కెమెరా ఉన్నవాడికి మన దగ్గర అన్నిటికంటే సులువైనది పెళ్లిళ్ల పని. దాన్ని చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు కోపం. రీటేక్ లేకుండా తలంబ్రాలు, అప్పగింతలు పట్టుకోవడం వచ్చినవాడికి ఫోకస్ చేతిలో ఉంటుంది, మనుషుల ముఖాలు చదవడం వస్తుంది. పైగా ఆ పనికి పంచాంగం తోడుంటుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు వస్తే ముహూర్తాలు ఉండవు. కెమెరా, లైట్లు, కుర్రాళ్లు అందరూ ఖాళీ. మీ షెడ్యూల్ వేసుకోవాల్సింది అప్పుడే.

వాటిలోనూ పుష్య మాసం మేలు. నెల్లూరు జిల్లాకు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది, తుఫాన్లూ అప్పుడే. జనవరి వచ్చేసరికి వాన ఆగి ఉంటుంది, చెరువులు నిండి, పైర్లు పచ్చగా, ఎండ మెత్తగా ఉంటుంది. ఆషాఢంలో అయితే ఎండ, గాలి రెండూ ఎక్కువ. బయటి సీన్లు పొద్దున 9 లోపల, సాయంత్రం 4 తర్వాత పెట్టుకుని, మధ్యలో ఇంటి లోపలి సీన్లు తీసుకోవాలి.

ఇక లొకేషన్లు. మైపాడు, కొత్తపట్నం తీరాలు, ఉదయగిరి కోట, సోమశిల, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, టంగుటూరు వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ... హైదరాబాద్ యూనిట్ వచ్చి తీయాలంటే లారీలు, హోటల్ గదులు కావాలి. మీకైతే బండిలో పెట్రోలు పోస్తే చాలు. పండుగ జనంలో తీసేటప్పుడు మాత్రం దర్గా పెద్దలకు, పోలీసులకు ముందుగా చెప్పండి. రైల్వే ప్లాట్‌ఫారం, అడవి, కోట ఏదైనా సరే సంబంధిత శాఖ అనుమతి కాగితం జేబులో ఉండాలి. డ్రోన్ అయితే ఓడరేవు, శ్రీహరికోట చుట్టుపక్కల అనుమతి లేకుండా ఎగరేయవద్దు. సరదాగా ఎగరేశాం అంటే వినేవాళ్లు అక్కడ ఎవరూ ఉండరు.

ఒంగోలు గిత్తలు మీ కథలో ఉన్నాయా? అయితే షూటింగ్‌కు ముందే జంతు సంక్షేమ బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. తర్వాత వాళ్ల నిరభ్యంతర పత్రం లేకుండా సెన్సారు ముందుకు కదలదు. ఇది తెలియక, తీసిన ఎద్దుల సీనే కథకు ప్రాణం అయి, దాన్నే కోసేసుకోవాల్సి వస్తే ఎంత నష్టమో ఆలోచించండి.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను. 4కె తీసే కెమెరా ఏదైనా ఇవాళ చిన్న సినిమాకు చాలు. మోహనకృష్ణ ఇంద్రగంటి 'గ్రహణం' 2004లోనే డిజిటల్‌లో తీశారు. ఒక చిన్న జాగ్రత్త చెప్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద షటర్ 1/50లో పెట్టండి, లేకపోతే గోడల మీద నీడలు పాకుతున్నట్టు వస్తుంది. ఎడిటింగ్‌కు, కలర్‌కు డావిన్చి రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షనే సరిపోతుంది.

నేను గట్టిగా పట్టుబట్టేది సౌండ్ దగ్గర. ఊళ్లో తీసిన సినిమాకు ఉన్న అసలు బలం మన యాస. "యాడికి పోతుండావు?", "నాకేం తెలుసబ్బా" అని ఆ మనిషి నోటి నుంచి వచ్చిన తీరు, ఆ చిన్న సాగతీత, మాట చివర పైకి లేచే స్వరం, ఇవన్నీ స్టూడియోలో డబ్బింగ్ ఆర్టిస్టు గొంతులోకి రావు. వచ్చినా వెక్కిరించినట్టు ఉంటుంది. అందుకే లైవ్ సౌండ్‌తో, అంటే షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేస్తూ తీయండి. లెన్సు ఒకటి తగ్గినా పరవాలేదు, కర్రకు తగిలించి పట్టుకునే మంచి బూమ్ మైకు, రెండు కాలర్ మైకులు, వాటిని పట్టుకోవడం తెలిసిన ఒక మనిషి ఉండాలి.

లైవ్ సౌండ్ అంటే లొకేషన్ చెవులతో చూడాలి. ఉదాహరణకు రొయ్యల గుంటల దగ్గర రాత్రి సీను రాసుకున్నారనుకోండి. నీళ్ల మీద లైట్లు, కట్ట మీద కాపలా గుడిసె, కంటికి చాలా అందంగా ఉంటుంది. కానీ నీళ్లలోకి గాలి పంపే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. తెల్లవారుజాముకు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు ఏరేటర్ ఆపితే రొయ్య చచ్చిపోతుంది. "అరగంట ఆపండన్నా" అని రైతును అడగడమే తప్పు, అది ఆయన పంట మొత్తం. అలాంటి సీను మాటలు లేకుండా రాసుకోవాలి, లేదా ఇంకా నీళ్లు పెట్టని ఖాళీ గుంట వెతుక్కోవాలి. టీ బంకులో తీస్తే ఫ్రిజ్ శబ్దం పడుతుంది. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ బండి తాళం అందులో పెట్టండి. ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయకుండా ఇంటికి పోలేరు, బంకు ఆయన పాలు విరగవు, రేపు మళ్లీ రానిస్తాడు. మైపాడులో సముద్రపు గాలికి మైకుకు బొచ్చు తొడుగు లేకపోతే ఆ రోజు తీసిందంతా వృథా.

నటులు? 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఆ పేట వాళ్లే నటించారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హరికథ చెప్పేవాళ్లు, పౌరాణిక నాటకాలు వేసేవాళ్లు, ప్రజానాట్యమండలి పాటగాళ్లు ఇంకా ఉన్నారు. నాటకాల వాళ్లు గొంతు పెద్దది చేస్తారు, దాన్ని తగ్గించడానికి షూటింగ్‌కు ముందు రెండు వారాలు రోజూ సాయంత్రం రిహార్సల్ పెట్టుకోండి. అందరికీ డబ్బివ్వండి, కొంచెమైనా సరే. "మనోడే కదా" అని ఉచితంగా చేయించుకుంటే రెండో సినిమాకు ఆ మనిషి రాడు.

ఊరి దారికి ఉన్న లోటు కూడా చెప్పాలి. మీ పని చూసి "ఇది బాగాలేదు" అని చెప్పగలిగినవాళ్లు చుట్టూ ఉండరు. అందరూ మెచ్చుకుంటారు, అది ప్రమాదం. తొలి ఎడిటింగ్ (రఫ్ కట్) అయ్యాక హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఇద్దరు ముగ్గురు ఎడిటర్లకు చూపించడానికి ప్రయాణం ఖర్చు బడ్జెట్‌లోనే రాసుకోండి.

ఎవరికి ఏది

ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు, ఇంటి బాధ్యత లేనివాళ్లు ఒకటి రెండుసార్లు పుణె, కోల్‌కతా ఎంట్రన్స్ రాయండి. రాకపోతే హైదరాబాద్‌లో ఒక చిన్న సినిమా చేసి రండి. ఇప్పటికే ఊళ్లో స్టూడియోనో ఉద్యోగమో ఉండి, పెళ్లయి, పిల్లలున్నవాళ్లు దాన్ని వదిలి కృష్ణానగర్ పోవద్దు. మీకు ఊరే సరైన చోటు, సెలవులు, మూఢాలు చూసుకుని తీయండి. మీకు అసలు ఇష్టం పెద్ద తెర, పాటలు, ఫైట్లు అయితే మొహమాటం లేకుండా హైదరాబాదే పోండి. అది తక్కువది ఏమీ కాదు, ఊళ్లో పదిమందితో అది కుదరదు, అంతే. రాయడం రానివాళ్లు ఏ దారి పట్టినా ముందు రాసేవాళ్లను జట్టులో చేర్చుకోండి.

షార్ట్ ఫిల్ములా, సినిమానా అని కూడా అడుగుతారు. 20 నిమిషాలవి రెండు తీసి, వాటిలో ఒకదాన్నైనా పరిచయం లేనివాళ్లు చివరిదాకా చూస్తున్నారని తేలాక సినిమా మొదలుపెట్టండి.

తీశాక ఎక్కడ వేయాలి

ఇక్కడే ఎక్కువ మంది నష్టపోతారు, కాబట్టి లెక్క వివరంగా చూద్దాం. తెలుగు సినిమా వ్యాపారంలో హక్కులు ఏరియాల వారీగా అమ్ముతారు. నెల్లూరు ఒక ప్రత్యేక ఏరియా, ఉన్నవాటిలో చిన్నది. ఒంగోలు గుంటూరు ఏరియా లెక్కలోకి వస్తుంది. కొత్తవాళ్ల సినిమాను ఎవరూ డబ్బిచ్చి కొనరు. థియేటర్‌కు మీరే అద్దె కట్టి వేసుకోవాలి. దానికి తోడు థియేటర్లకు సినిమాను డిజిటల్‌గా అందించే క్యూబ్, యూఎఫ్ఓ లాంటి సంస్థలకు థియేటర్‌కు ఇంత అని నిర్మాతే కట్టాలి. ఈ ఛార్జీల మీదే 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాలు ఆపేసి పోరాడారు. పోస్టర్లు, ప్రమోషన్ కలుపుకుంటే వంద థియేటర్ల విడుదల ఖర్చు సినిమా తీసిన ఖర్చును దాటిపోవచ్చు. అందుకే రాష్ట్రమంతా వేయాలన్న ఆశ మానుకోండి. నటించినవాళ్ల ఊళ్లు, చుట్టుపక్కల పట్టణాలు చూసుకుని నాలుగైదు థియేటర్లలో వేయండి. అక్కడ నిండితే తర్వాత పెంచుకోవచ్చు.

థియేటర్‌లో వేయాలంటే సెన్సారు తప్పనిసరి. టైటిల్‌ను ఫిల్మ్ ఛాంబర్‌లో ముందే రిజిస్టర్ చేయించుకోండి. 2024 నుంచి, పిల్లలు పెద్దల సలహాతో చూడొచ్చనే యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్ల వయసుల వారీగా ఇస్తున్నారు. జాతీయ అవార్డులకు పంపాలన్నా సెన్సారు సర్టిఫికెట్ కావాలి. పాత్ర సిగరెట్ తాగితే తెర మీద హెచ్చరిక వేయాలి. కథకు అవసరం లేకపోతే ఆ సిగరెట్ తీసేయడం మేలు.

ఓటీటీలు పేరులేని నటుల సినిమాకు ముందే పెద్ద మొత్తం ఇవ్వడం అరుదు. ఎంతమంది చూస్తే అంత అనే వాటా పద్ధతి చెప్తారు. అది ఒప్పుకునే ముందు లెక్కలు ఎప్పుడు, ఎలా చూపిస్తారో రాయించుకోండి. ఐదేళ్లు, పదేళ్లు అన్ని హక్కులూ రాసివ్వడం వద్దు.

యూట్యూబ్ ఉచితమే, కానీ మామూలు వీడియోలకు యాడ్ల ఆదాయం మొదలు కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. దాన్ని షార్ట్ ఫిల్ముల ద్వారా ముందునుంచే కట్టుకుంటూ రావాలి. సినిమాను మాత్రం మొదటే అక్కడ పెట్టేయవద్దు. ఆన్‌లైన్‌లో వచ్చేసిన సినిమాను చాలా ఫెస్టివళ్లు తీసుకోవు, ఓటీటీ బేరం కూడా పోతుంది. కాబట్టి ముందు ఫెస్టివళ్లు, తర్వాత థియేటర్, ఆ తర్వాత ఓటీటీ, చివరికి యూట్యూబ్. గోవా, కేరళ చిత్రోత్సవాలు ఏటా సంవత్సరం చివర్లో జరుగుతాయి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ యాస తెలిసినవాళ్లతోనే రాయించండి.

డబ్బు, కాగితాలు

ఎంత ఖర్చవుతుంది అని అడిగితే ముందు భోజనాల లెక్క వేయమంటాను. 15 మంది, 18 రోజులు, మనిషికి రోజుకు 300 అనుకుంటే 81,000 రూపాయలు. ఇది తెలియకుండా మొదలుపెట్టినవాళ్లు పదో రోజుకు కెమెరా అద్దెలోంచి తీసి భోజనం పెడతారు, అప్పటి నుంచి సినిమా గాడి తప్పుతుంది. మొత్తం డబ్బులో మూడో వంతు షూటింగ్ తర్వాతి పనికి పక్కన పెట్టండి. మిక్సింగ్, మ్యూజిక్, సెన్సారు, సబ్‌టైటిల్స్ అన్నీ దాంట్లోనే జరగాలి. టీవీలోనో రేడియోలోనో వెనకాల పాత పాట ఒక్క ముక్క వినపడినా దాని హక్కులు కొనాలి, లేదా తీసేయాలి.

డబ్బు పెట్టేవాళ్లలో ఇల్లు తాకట్టు పెట్టి ఇచ్చే బంధువు కంటే, పోయినా బతకగలిగినంతే ఇచ్చే ఇరవై మంది మేలు. 2013లో కన్నడలో 'లూసియా', 2018లో తెలుగులో 'మను' అలా నలుగురి డబ్బుతో వచ్చినవే. ఎవరికి ఎంత వాటా, నష్టం వస్తే ఏమిటి, డబ్బు వస్తే ముందు ఎవరికి అనేది స్టాంపు కాగితం మీద రాసుకోండి. మామయ్య దగ్గర తీసుకున్నా సరే రాసుకోండి. "మన మధ్య కాగితాలేంది అబ్బయ్యా" అని ఆయన అంటే, "నీ డబ్బుకు జాగ్రత్త కోసమే మామా" అని చెప్పి రాయించండి.

అట్లాగే కథ రాసినవాళ్లు, పాట పాడినవాళ్లు, నటించినవాళ్లు, ఇల్లు ఇచ్చినవాళ్లు, అందరి దగ్గరా షూటింగ్ రోజే డబ్బిచ్చి అనుమతి కాగితం మీద సంతకం తీసుకోండి. రెండేళ్ల తర్వాత ఓటీటీ వాళ్ల లాయర్ మొదట అడిగేది ఆ కాగితాలే, అప్పటికి మీ రెండో హీరో కువైట్‌లో పనిలో ఉండొచ్చు.